ఈగ జన్యువుల అడంగల్

వంటింట్లో అరటిపళ్లు ఒక పూట ఎక్కువ మగ్గితే చాలు, ఎక్కణ్ణుంచి వస్తాయో గానీ చిన్న ఈగలు ముసురుతాయి. నువ్వుగింజంత ఒళ్లు, ఇటుక రంగు కళ్లు. చేత్తో తోలితే లేచి మళ్లీ అక్కడే వాలతాయి. ఈ ఈగ మీద వందేళ్లకు పైగా పరిశోధన సాగుతోందని, దాని జన్యువుల వివరాలు చూసుకోవడానికే ప్రత్యేకంగా ఒక సమాచార భాండాగారం ఉందని చెబితే వినేవాళ్లు రెండు ప్రశ్నలు వేస్తారు. ఈగలో చదవడానికి అంత ఏముందన్నది మొదటిది. రెండోది ఇంకాస్త పదునైనది. దాని జన్యువులన్నీ 2000లోనే చదివేశారని పేపర్లో వచ్చింది కదా, రాసిపెట్టిన లెక్కను ఏళ్ల తరబడి కాపలా కాయడానికి మనుషులెందుకు, జీతాలెందుకు?

ఈ అధ్యాయం రెండో ప్రశ్న గురించి. దాని వెంట నడిస్తే మొదటి ప్రశ్నకు జవాబు దారిలోనే తగులుతుంది.

బయలుదేరే ముందు పేరు సంగతి తేల్చుకోవాలి. మన ఈగనూ పండు ఈగ అనే అంటారు, కానీ మామిడి రైతును పండు ఈగ గురించి అడిగితే ఆయన చెప్పేది వేరే ఈగ కథ. కాయకు సూదిలా గుచ్చి లోపల గుడ్లు పెట్టి, పండంతా పురుగు పట్టించేది అది. శాస్త్రవేత్తలు దాన్ని బాక్ట్రోసెరా అంటారు. 2014లో ఐరోపా సమాఖ్య మన మామిడిని కొన్ని నెలలు రానివ్వకపోవడానికి కారణం ఆ కుటుంబపు ఈగలే. మనం చెప్పుకునే ఈగ దానికి దూరపు చుట్టం. మాగి పులిసే పండు మీద పెరిగే ఈస్టు దీని తిండి. పేరు డ్రోసోఫిలా మెలనోగాస్టర్. మొదటి మాటకు మంచుబిందువులను ఇష్టపడేదని, రెండో మాటకు నల్లపొట్టదని అర్థం. ఒకే పేరుతో రెండు ఈగలు, ఒకే ఈగకు రెండు పేర్లు. ఈ చిక్కు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది, గుర్తుంచుకోవాలి.

పాలసీసాల గది

న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్ ఒక ఇరుకు గదిలో పాలసీసాల్లో అరటిపండు వేసి ఈ ఈగల్ని పెంచేవారు. వెచ్చగా ఉంటే గుడ్డు పది రోజుల్లో ఈగ అవుతుంది. నెల తిరిగేసరికి మునిమనవలు పుడతారు. వంశపారంపర్యం చదివేవాళ్లకు ఇంతకన్నా కలిసొచ్చే ప్రాణి దొరకదు. 1910లో ఆ ఎర్రకళ్ల సంతతిలో ఒక తెల్లకళ్ల మగ ఈగ కనబడింది. దాన్ని ఎర్రకళ్ల ఆడ ఈగలతో జతకట్టించి, తరతరాలు లెక్కపెట్టి, ఆ లక్షణం ఎక్స్ క్రోమోజోమును అంటిపెట్టుకుని నడుస్తోందని మోర్గాన్ తేల్చారు. ఆ జన్యువుకు ‘వైట్’ అని పేరు పెట్టారు.

ఇక్కడ కాస్త ఆగాలి. వైట్ జన్యువు చేసే పని కంటికి రంగు పట్టించడం. అది చెడితే కళ్లు తెల్లబోతాయి, అందుకని ఆ పేరు. ఫ్యూజు పోతే ఇల్లు చీకటవుతుంది కాబట్టి ఫ్యూజుకే ‘చీకటి’ అని పేరు పెట్టినట్టు. ఈగ జన్యువుల పేర్లు చాలా వరకు ఈ తీరులోనే ఉంటాయి. ‘వింగ్‌లెస్’ రెక్కలకు కావాల్సిన జన్యువు, ‘ఐలెస్’ కళ్లకు కావాల్సిన జన్యువు. గుండె ఏర్పడటానికి అవసరమైన జన్యువు పేరు ‘టిన్‌మన్’, పిల్లల కథలో గుండె లేని రేకుమనిషి పేరు అది.

మోర్గాన్ శిష్యుడు ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవంట్ ఇంకా డిగ్రీ విద్యార్థిగా ఉండగానే, 1911లో ఒక రాత్రి కూర్చుని జన్యువుల మొదటి పటం గీశాడు. అతని ఆలోచన పూలదండతో చెప్పుకోవచ్చు. రెండు దండల్ని పక్కపక్కన పెట్టి ఎక్కడో ఒకచోట తెంపి, ఒకదాని ముక్కను రెండోదానికి కట్టామనుకుందాం. పక్కపక్కన ఉన్న రెండు పూలు విడిపోవడం అరుదు, ఆ చివర పువ్వు ఈ చివర పువ్వు విడిపోవడం తరచూ జరుగుతుంది. పిల్లకు వెళ్లే ముందు క్రోమోజోములు ఇలాగే ముక్కలు మార్చుకుంటాయి. ఏ రెండు లక్షణాలు ఎంత తరచుగా విడిపోతున్నాయో లెక్కపెడితే వాటి మధ్య దూరం తెలుస్తుంది. ఎక్స్ క్రోమోజోము మీద ఆరు లక్షణాలతో వేసిన ఆ పటం 1913లో అచ్చయింది. మరో శిష్యుడు కాల్విన్ బ్రిడ్జెస్ 1935లో ఇంకో అడుగు వేశాడు. ఈగ పిల్లపురుగు లాలాజల గ్రంథుల్లో క్రోమోజోములు తాళ్లలా లావెక్కి, అడ్డంగా చారలతో కనిపిస్తాయి. ఆ చారలన్నీ సూక్ష్మదర్శినిలో చూసి గీసి, మొత్తాన్ని 102 విభాగాలుగా పంచాడు. ఆ విభాగాల నంబర్లు నేటికీ వాడుకలోనే ఉన్నాయి.

ఆ గదిలో పుట్టిన ఒక అలవాటు పటాల కన్నా విలువైనదేమో అనిపిస్తుంది. ఎవరు అడిగినా ఈగల్ని సీసాలో పెట్టి పంపేవారు, డబ్బు అడిగేవారు కారు. ఎవరి దగ్గర ఏ రకం ఈగలున్నాయో అందరికీ తెలియాలని 1934లో ‘డ్రోసోఫిలా ఇన్ఫర్మేషన్ సర్వీస్’ అనే చిన్న పత్రిక మొదలైంది. జాబితాలు పెరిగి పుస్తకాలయ్యాయి. బ్రిడ్జెస్ చనిపోయాక ఆయన చీటీల్ని కాథరీన్ బ్రెమె పూర్తిచేయగా 1944లో ఒక పుస్తకం, 1968లో లిండ్స్‌లీ, గ్రెల్ కూర్చినది మరొకటి, 1992లో లిండ్స్‌లీ, జిమ్ కూర్చిన వెయ్యి పుటలు దాటిన సంపుటం. అప్పటికి పరిశోధన ఎంత జోరందుకుందంటే, అట్ట అతికించేలోపే కొత్త జన్యువులు వచ్చి చేరుతున్నాయి. ఇక పుస్తకం చాలదు.

అదే 1992లో ఫ్లైబేస్ మొదలైంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిధులతో, హార్వర్డ్‌లో విలియం గెల్‌బార్ట్, కేంబ్రిడ్జ్‌లో మైఖేల్ ఆష్‌బర్నర్, ఇండియానాలో థామ్ కాఫ్‌మన్ వంటివారు కలిసి దాన్ని నిలబెట్టారు. లిండ్స్‌లీ, జిమ్‌ల ఎర్రట్టల సంపుటంలోని వివరాలే దానికి తొలి పెట్టుబడి. ఎవరైనా, ఎక్కణ్ణుంచైనా, ఊరికే చూసుకోవచ్చు.

గోంగూరా, పుంటికూరా?

కోస్తాలో గోంగూర అంటే తెలంగాణలో పుంటికూర. సొరకాయ అన్నా ఆనపకాయ అన్నా ఒకటే కాయ. వంటల పుస్తకంలో పుంటికూర అని మాత్రమే వెతికితే సగం వంటలు కనబడవు. జన్యువుల విషయంలో ఈ నష్టం ఏళ్లకు ఏళ్లు మింగేస్తుంది.

నిజంగా జరిగిన ఉదాహరణ ఒకటుంది. జర్మనీలో పిండాల మీద పనిచేస్తున్నవాళ్లకు ఒక జన్యువు చెడితే పిండం మసకగా చిన్న ఉండలా మిగిలిపోతోందని కనబడింది. ‘ఫెయింట్ లిటిల్ బాల్’ అన్నారు. గుడ్ల ఆకారం మీద పనిచేసేవాళ్లు పెంకు రూపం మార్చే జన్యువు ఒకటి చూసి ‘టార్పిడో’ అన్నారు. కంటి మీద పనిచేసేవాళ్లు ‘ఎలిప్స్’ అన్న పేరు పెట్టారు. ఇంకొకరు డీఎన్ఏ వైపు నుంచి వచ్చి, మనుషుల్లో కణాల పెరుగుదలకు సంకేతం అందుకునే ఒక గ్రాహకానికి పోలిక చూసి ‘డీఈఆర్’ అన్నారు. 1980ల చివరికి తేలిందేమిటంటే, నాలుగూ ఒకటే. పిండంలో, గుడ్డులో, కంటిలో ఒకే జన్యువు వేర్వేరు వేళల్లో పనిచేస్తోంది. మనుషుల్లో దాని జోడీ పేరు ఈజీఎఫ్ఆర్. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు నేడు ఇచ్చే మందుల్లో కొన్ని దాని మీద గురిపెట్టినవే.

నాలుగు పేర్లతో వచ్చిన పరిశోధన పేపర్లన్నిటినీ ఒక పుటలోకి చేర్చి, పాత పేర్లలో దేనితో వెతికినా అక్కడికే తీసుకెళ్లే ఏర్పాటు చేయాలి. ఫ్లైబేస్ చేసే పనుల్లో ఇది మొదటిది. ఇందుకు అది వాడే ఉపాయం మన పల్లెల్లో అందరికీ తెలిసినదే. పొలం చేతులు మారుతుంది, జనం దాన్ని బావికాడి మడి అంటారు, తాటితోపు చేను అంటారు. అడంగల్‌లో, తెలంగాణలో అయితే పహాణీలో, దానికో సర్వే నంబరు ఉంటుంది. ఆ నంబరు చెబితే పేచీ లేదు. అలాగే ప్రతి ఈగ జన్యువుకూ ‘ఎఫ్‌బీజీఎన్’ అని మొదలయ్యే ఏడంకెల నంబరు ఒకటి ఇచ్చారు. మోర్గాన్ చూసిన వైట్ జన్యువు నంబరు ఎఫ్‌బీజీఎన్ 0003996. రెండు జన్యువులనుకున్నవి ఒకటేనని తేలినా పాత నంబరును చెరిపేయరు. ఎప్పుడో ఆ నంబరు రాసుకున్నవాడు వెతికితే కొత్త పుటకు దారి దొరకాలి కాబట్టి దాన్ని ఉపనంబరుగా ఉంచుతారు.

రీసర్వే కూడా ఉంటుంది. 2000 మార్చిలో సెలెరా కంపెనీ, గెరాల్డ్ రూబిన్ నడిపిన బర్క్‌లీ బృందం కలిసి ఈగ జన్యుపటాన్ని ప్రకటించినప్పుడు సుమారు 13,600 జన్యువులున్నాయని లెక్క చెప్పారు. వార్తాపత్రికల్లో చదివేశారని వచ్చింది దాని గురించే. ఆ పటంలో ఖాళీలున్నాయి, ఒక మడిని రెండుగా చూసిన చోట్లున్నాయి, రెండు మళ్లను ఒకటిగా కలిపేసిన చోట్లున్నాయి. పటాన్ని దిద్దుతూ వచ్చి 2014లో ఆరో రూపాన్ని విడుదల చేశారు. కొన్ని జన్యువుల హద్దులు చూస్తే ఇదంతా ఎందుకింత కష్టమో అర్థమవుతుంది. నాడీకణాల కొమ్మలు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి తోడ్పడే ‘డీస్కామ్’ అనే ఒక్క జన్యువు, తన ముక్కల్ని రకరకాలుగా కూర్చుకుని 38,016 రకాల ప్రొటీన్లు చేయగలదు. ఈగ మొత్తం జన్యువుల కన్నా ఆ ఒక్కదాని రూపాలే ఎక్కువ.

చదివేవాళ్లు

ఈ లెక్కలన్నీ రాసేదెవరు? క్యూరేటర్లు. ఎక్కువగా ఈగల మీద తామే పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నవాళ్లు. వాళ్ల ఉద్యోగం చదవడం. ఈగల జన్యుశాస్త్రం మీద కొత్తగా వచ్చే పేపర్లను గాలించి, ఒక్కో పేపరులోంచి కొత్త నిజాల్ని వేరుచేసి, ఎక్కడ ఉండాలో అక్కడ చేర్చడం.

చెప్పినంత సులువు కాదది. ఫలానా జన్యువు చెడిన ఈగలకు రెక్క అంచున నొక్కు పడిందని ఒక పేపరు చెప్పిందనుకుందాం. క్యూరేటరుకు సవాలక్ష సందేహాలు. చెడిన రూపం ఏది? ఒక్కో జన్యువు పదుల రకాలుగా, కొన్నయితే వందల రకాలుగా చెడగలదు, ప్రతి రకానికీ వేరే పేరుంది. ఆ ఈగల్ని ఎవరు తయారుచేశారు? రెండు ప్రతుల్లోనూ చెడిందా, ఒకదాంట్లోనేనా? చలిలో పెంచారా, వెచ్చగానా? పేపరు చివర పద్ధతుల భాగంలో చిన్న అక్షరాల్లో జవాబులుంటాయి. లేకపోతే రచయితకే ఉత్తరం రాసి అడుగుతారు. అచ్చయిన పేపరులో లేని వివరం ఇలా తెలిస్తే, ఫలానావారు స్వయంగా తెలియజేశారని దాన్నీ నమోదు చేస్తారు. ఎవరు చెప్పారో లేకుండా ఫ్లైబేస్‌లో ఒక్క వాక్యం ఉండదు. రెండు పేపర్లు ఒకదానికొకటి ఎదురు చెబితే రెండూ ఉంటాయి, తీర్పు చదివేవాళ్లకు వదిలేస్తారు. ఈ నిగ్రహం చాలా గొప్పది.

కంప్యూటరుకు అప్పగించకూడదా అని అడగవచ్చు. పేపర్లను ఏరడంలో కంప్యూటర్ సాయం తీసుకుంటూనే ఉన్నారు. కానీ ఈగ జన్యువుల పొట్టిపేర్లు చూడండి. ‘ఫొరేజింగ్’ అనే జన్యువుకు పొట్టిపేరు ‘ఫర్’. ‘ఇన్‌ఫ్లేటెడ్’కు ‘ఇఫ్’. ‘టేక్‌అవుట్’కు ‘టు’. ఇంగ్లిషులో ప్రతి పంక్తిలోనూ వచ్చే మాటలివి. ఎక్కడ మామూలు మాటో, ఎక్కడ జన్యువో సందర్భం పట్టి తేల్చాలి. ఇంకో తంటా కూడా ఉంది. డెల్టా జన్యువుకూ డోర్సల్ జన్యువుకూ పొట్టిపేర్లు ‘డీఎల్’ అనే రెండే అక్షరాలు. మొదటిదానికి డీ పెద్దబడిలో రాస్తారు, రెండోదానికి చిన్నబడిలో. అచ్చులో ఆ ఒక్క అక్షరం తారుమారైతే నాడీకణాల కథ వెళ్లి పిండం వెన్ను, పొట్ట కథలో పడుతుంది.

మాటల్ని కూడా కట్టుదిట్టం చేయాల్సి వచ్చింది. ఒకరు ‘రెక్క ఈనె’ అంటారు, ఒకరు ‘రెక్క నరం’ అంటారు. అందుకని శరీరభాగాలకు అందరూ ఒప్పుకున్న పదకోశం తయారైంది. అందులో పదాలు విడివిడిగా ఉండవు. ఊరు మండలంలో, మండలం జిల్లాలో ఉన్నట్టు, ఈనె రెక్కలో భాగమని, రెక్క రొమ్ముకు చెందినదని రాసి ఉంటుంది. రెక్క దోషాలు చూపించమంటే ఈనె దోషాలు కూడా వాటంతటవే వస్తాయి. 1998లో ఆష్‌బర్నర్ చొరవతో ఈగ, ఎలుక, ఈస్టు భాండాగారాలు మూడూ కలిసి, జన్యువులు చేసే పనులను చెప్పడానికి ఉమ్మడి పదజాలం మొదలుపెట్టాయి. ‘జీన్ ఆంటాలజీ’ అని పేరు పెట్టిన ఆ పదజాలం నేడు మనుషుల జన్యువులకూ, మొక్కల జన్యువులకూ వాడుకలో ఉంది.

వేడికి పడిపోయే ఈగ

మొదటి ప్రశ్న ఇప్పుడు ఎదురైంది. ఈగలో ఏముంది? మనిషి జబ్బులతో ముడిపడిన జన్యువుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులకు ఈగలో పోలిక ఉన్న జన్యువులున్నాయి. ఈ మాట విన్నప్పుడు నమ్మబుద్ధి కాదు. ఐలెస్ కథ వింటే నమ్మకం కుదురుతుంది. కళ్లు చిన్నవై, కొన్నిసార్లు అసలు లేకుండా పోయే ఈగల గురించి 1915లోనే రాశారు. 1994లో స్విట్జర్లాండ్‌లోని వాల్టర్ గెరింగ్ బృందం ఆ జన్యువును పట్టుకుని చూస్తే, మనుషుల్లో కనుపాప చుట్టూ ఉండే రంగు వలయం ఏర్పడకుండా చేసే జబ్బుకు కారణమైన జన్యువుకు అది అచ్చం జోడీ. మరుసటేడు ఆ జన్యువును ఈగ కాళ్లలో, రెక్కల్లో పనిచేయించారు. అక్కడ కళ్లు మొలిచాయి. ఎలుక జన్యువును పెట్టినా మొలిచాయి, ఈగ కళ్లే.

వేడి తగిలితే పక్షవాతం వచ్చినట్టు పడిపోయి, చల్లబడగానే లేచి తిరిగే ఈగలు కొన్నున్నాయి. 1971లో డేవిడ్ సుజుకి బృందం అలాంటివి కనిపెట్టి ఆ జన్యువును ‘పారలిటిక్’ అంది. నాడి వెంట విద్యుత్తు నడవడానికి సోడియం లోపలికి వచ్చే తలుపు దానివల్ల తయారవుతుంది. మనుషుల్లో దాని జోడీ జన్యువు చెడితే పసిపిల్లలకు ద్రావే సిండ్రోమ్ అనే కఠినమైన మూర్ఛ వస్తుంది. మన దేశంలో ఈగల నాడీవ్యవస్థ పరిశోధనకు పునాది వేసిన ఒబైద్ సిద్దిఖీ కూడా అమెరికాలో సీమోర్ బెంజర్‌తో కలిసి 1976లో ఇలాంటి ఈగల నాడుల మీద పేపరు రాశారు. వాటిలో ‘కొమటోస్’ అనే రకంలో చెడిన జన్యువేదో దాదాపు ఇరవయ్యేళ్ల తర్వాత తెలిసింది. నాడి చివర రసాయనాల సంచులు మళ్లీ మళ్లీ పనికిరావడానికి కావలసిన ప్రొటీను అది, మనలోనూ ఉంది. ఈగ పడిపోయిందని 1976లో రాసిన మాట, ప్రొటీను పేరు పట్టుకుని వెతికేవాడికి నేడు ఒక్క నొక్కుతో దొరుకుతుంది. ఎవరో చదివి ముడివేసి ఉంచారు కాబట్టి దొరుకుతుంది.

ఈ ముడులు ఎవరికి కావాలో హ్యూస్టన్‌లో కనబడుతుంది. ఏ డాక్టరూ పేరు చెప్పలేని జబ్బుతో ఉన్న పిల్లల జన్యువులు చదివినప్పుడు అనుమానించదగ్గ మార్పులు అనేకం కనబడతాయి. వాటిలో దోషి ఎవరు? బేలర్ వైద్య కళాశాలలో హ్యూగో బెల్లెన్ బృందం ఆ మార్పును ఈగలో పెట్టి చూస్తుంది. మొదలుపెట్టే ముందు ఈగలో ఆ జన్యువుకు జోడీ ఉందా, అది చెడితే ఏమవుతుందో ఎవరైనా చూశారా, అలాంటి ఈగలు ఎక్కడ దొరుకుతాయని వెతకాలి. వెతికే చోటు ఫ్లైబేస్. హైదరాబాద్ సీసీఎంబీలో ఎల్.ఎస్. శశిధర బృందం ఈగ వెనుక రెక్కలు రెక్కలుగా ఎదగకుండా చిన్న గదల్లా ఎందుకు మిగులుతాయో చదివినప్పుడూ, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో విద్యార్థి కొత్త ప్రయోగం తలపెట్టినప్పుడూ మొదటి మెట్టు ఇదే.

ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇండియానాలోని బ్లూమింగ్‌టన్ ఈగల కేంద్రం. అక్కడ 70,000కు పైగా రకాలున్నాయి. విత్తనాల్లా డబ్బాలో పోసి దాచడానికి వీల్లేదు. ప్రతి రకాన్నీ బతికి ఉన్న ఈగలుగా, కొద్ది వారాలకోసారి కొత్త మేత ఉన్న గాజుగొట్టంలోకి మారుస్తూ ఉండాలి. తోడు పెట్టడం మానేస్తే ఇంట్లో పెరుగు పరంపర తెగినట్టు, మార్చడం తప్పితే ఆ రకం అంతరించిపోవచ్చు.

జీతం ఎవరివ్వాలి?

కొత్త జన్యువు కనుక్కుంటానంటే నిధులిచ్చే సంస్థలు వింటాయి. కనుక్కున్నవి సరిగ్గా రాసి ఉంచుతానంటే ప్రతి నాలుగైదేళ్లకూ మళ్లీ మొదటి నుంచి ఒప్పించుకోవాలి. 2016లో అమెరికా నిధుల సంస్థ ఈగ, నులిపురుగు, చేప, ఎలుక, ఈస్టు భాండాగారాల ఖర్చు తగ్గించి, వాటిని ఒక గొడుగు కిందికి తేవాలని తలపెట్టింది. 11,000 మందికి పైగా శాస్త్రవేత్తలు ఆందోళనతో ఉత్తరం మీద సంతకాలు చేశారు. ఉమ్మడి గొడుగు ఆ ఏడాదే ‘అలయన్స్ ఆఫ్ జీనోమ్ రిసోర్సెస్’ పేరుతో వచ్చింది. ఒకే తరహా పుటలు, ఒకే వెతుకులాట ఉండటం మంచిదే. కానీ ఈస్టు పేపరు చదివేవాడు ఈగ రెక్క పేపరు చదవలేడు, మనుషుల్ని కలపడంతో ఆ కొరత తీరదు.

2025 మే నెలలో దెబ్బ మరోవైపు నుంచి తగిలింది. అమెరికా ప్రభుత్వం హార్వర్డ్‌కు ఇచ్చే పరిశోధన నిధుల్ని పెద్దఎత్తున రద్దు చేసింది. ఫ్లైబేస్ నిధి హార్వర్డ్ పేరు మీదే వచ్చేది, కేంబ్రిడ్జ్‌కూ ఇండియానాకూ అక్కణ్ణుంచే వాటా వెళ్లేది. హార్వర్డ్‌లో ఉద్యోగాలు పోయాయి. కేంబ్రిడ్జ్ బృందం, కొన్నాళ్లయినా పని ఆగకుండా చూడమని ప్రపంచంలోని ఈగల ల్యాబులకు విరాళాల కోసం విన్నపం పంపింది. సెప్టెంబరులో ఒక ఫెడరల్ జడ్జి ఆ రద్దు చట్టవిరుద్ధమని తీర్పు ఇచ్చారు. ఈలోగా పేపర్లు రావడం ఆగలేదు. పాతిక ముప్ఫయ్యేళ్లుగా పేపర్లు చదివి, ఏ ల్యాబు ఈగకు ఏ పేరు వాడుతుందో నోటికి తెలిసిన మనిషి ఇంటికి వెళ్లిపోతే ఆ స్థానంలో కూర్చోబెట్టడానికి ఇంకొకరు వెంటనే దొరకరు.

ఫ్లైబేస్‌లో వైట్ జన్యువు పుట తెరిస్తే, దాని వందల రూపాల్లో మొదటిది మోర్గాన్ 1910లో చూసిన రూపమే. ఎవరు చూశారో, ఎప్పుడు రాశారో పక్కన ఉంటుంది. ఆయన కాలంలో ఎవరికీ తెలియని సంగతి కూడా ఉంటుంది. చోటు మార్చుకునే ఒక డీఎన్ఏ ముక్క వచ్చి జన్యువు మొదట్లో దూరడంతో అది చెడిందని. ఆ రూపమున్న ఈగలు నేటికీ బ్లూమింగ్‌టన్‌లో సజీవంగా ఉన్నాయి, అడిగితే గాజుగొట్టంలో పెట్టి పంపుతారు. ఆ తెల్లకళ్ల మగ ఈగ నుంచి వచ్చిన జన్యువును వేల తరాలుగా మోస్తున్న ఆ ఈగల్ని ఎవరో ఒకరు పాత గొట్టం లోంచి కొత్త గొట్టంలోకి ఈ నెలలోనూ మారుస్తారు.